అమ్మకానికి రాని రేడియో

ఎఫ్ఎం స్టేషన్లు చేతులు మారుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని 32 పట్టణాలకు కొత్తవి ఇవ్వడానికి కేంద్రం సరేనంది. వాటిలో మన ఊరి మాట వినపడుతుందా లేదా అన్నది తేల్చేవి ఒప్పందంలోని ఒకటి రెండు షరతులే.

సంపాదకులు అప్పగించిన పని సూటిగానే ఉంది. బిగ్ ఎఫ్ఎం చేతులు మారింది కదా, యజమాని మారితే రేడియోలో ఏం మారుతుందో రాయాలి, గురువారం సాయంత్రానికి పేజీలు అచ్చుకు వెళ్లిపోవాలి. అమ్మకం లెక్కలు వెంటనే దొరికాయి. హైదరాబాద్‌తో కలిపి దేశమంతటా 58 స్టేషన్లున్న ఆ సంస్థ అంతకుముందు అనిల్ అంబానీ గ్రూపుది. అప్పులు తీర్చలేక దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024 మేలో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ముంబయి బెంచి దాన్ని సఫైర్ మీడియాకు అప్పగించింది. ధర సుమారు 261 కోట్ల రూపాయలు. అంతకు అయిదేళ్ల ముందు రేడియో సిటీ యాజమాన్యం కొనబోయినప్పుడు ఆ సంస్థకు కట్టిన విలువ 1,050 కోట్లు. ప్రసార మంత్రిత్వ శాఖ అనుమతి రాక ఆ బేరం తెగలేదు.

ఈ బేరాల గురించి పత్రికల్లో వచ్చిన వివరాలన్నీ అప్పులిచ్చిన వాళ్ల గురించి, వాటాదారుల గురించి, ప్రకటనల రాబడి గురించి. పొద్దున్నే వంటింట్లో రేడియో పెట్టుకుని వినే మనిషికి వాటిలో చోటు లేదు. ఆ మనిషిని లెక్కలోకి తీసుకున్న కాగితం ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంటే, కేంద్ర ప్రభుత్వం 2006 డిసెంబరులో విడుదల చేసిన కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాలు చేతికొచ్చాయి. ఈ కథనం దారి మళ్లింది అక్కడే.

కొద్ది పేజీల పత్రం అది. భాష మామూలు సర్కారీ భాషే. కానీ ఒక్కో షరతూ చదువుతుంటే ఎవరో చాలాకాలం ఆలోచించి, అవతలివాళ్ల ఎత్తులన్నీ ముందే ఊహించి రాసినట్టు ఉంటుంది. వ్యక్తులకు స్టేషన్ ఇవ్వరు. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు ఇవ్వరు. లాభం కోసం నడిచే సంస్థలకు ఇవ్వరు. అడిగే సంస్థ ఆ ప్రాంతంలో కనీసం మూడేళ్లు ప్రజల మధ్య పనిచేసి ఉండాలి. ఎవరి కోసం రేడియో పెడుతున్నారో ఆ జనమే యాజమాన్యంలోనూ నిర్వహణలోనూ కనిపించాలి. కార్యక్రమాల్లో సగమైనా స్థానికులు పాలుపంచుకుని తయారు చేసినవి కావాలి. వీలైనంతవరకు అక్కడి భాషలో, అక్కడి యాసలో ఉండాలి. ట్రాన్స్‌మిటర్ ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు.

వీటి నడుమ పెద్దగా ఎవరూ పట్టించుకోని షరతు ఒకటుంది. ఈ అనుమతిని మరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు.

ప్రైవేటు ఎఫ్ఎంకూ ఆంక్ష ఉంది కానీ అది గడువున్న ఆంక్ష. మూడేళ్లపాటు ప్రధాన వాటాదారు మారకూడదు. ఆ తర్వాత ప్రభుత్వం ఒప్పుకుంటే అమ్ముకోవచ్చు. కమ్యూనిటీ రేడియోకు ఆ దారే లేదు. నడపగలిగితే నడపాలి, లేకపోతే అనుమతి తిరిగి ఇచ్చేయాలి. దాని మీద కన్నేసి కొనేవాడు ఉండడు. బాకీ కింద జమకట్టుకునేవాడూ ఉండడు. కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లకు రేపు కొత్త యజమాని వచ్చి ఈ కార్యక్రమం తీసేయమంటాడన్న భయం ఉండదు. నా మటుకు నాకు రేడియో యాజమాన్యం గురించి చదివినవాటిలో ఇంతకంటే విలువైన షరతు కనిపించలేదు.

మాచ్‌నూర్ పదేళ్లు ఎదురుచూసింది

షరతు కాగితం మీద ఎలా ఉన్నా, నేల మీద దాని సంగతి తెలియాలంటే జహీరాబాద్ ప్రాంతానికి వెళ్లాలి. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఊరూరా ఏర్పడిన సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు. సొసైటీకి చాలాకాలం దిక్కుగా నిలిచి 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. సంఘం మహిళలకు కావలసింది తమ సాగు గురించి తమ మాటల్లో చెప్పుకునే రేడియో. 1990ల చివర్లో యునెస్కో సాయం చేసింది. 1998 నాటికి ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో రేడియో భవనం లేచింది, యంత్రాలు వచ్చాయి. పల్లె ఆడవాళ్లు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకున్నారు.

అనుమతి మాత్రం రాలేదు.

2002 చివర్లో కేంద్రం తొలిసారి తలుపు కొంచెం తీసింది, అదీ విద్యాసంస్థలకే. చదువుకున్నవాళ్ల చేతిలో రేడియో పెట్టడానికి సిద్ధపడిన ప్రభుత్వం విత్తనం దాచుకునే మనిషి చేతిలో పెట్టడానికి మరో నాలుగేళ్లు ఆలోచించింది. మాచ్‌నూర్ మహిళలు ఈ కాలమంతా ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేశారు. గాలిలో పంపడానికి వీల్లేదు కనుక క్యాసెట్లు సంఘం సమావేశాలకు మోసుకెళ్లి టేప్ రికార్డర్‌లో వినిపించారు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు, ఒకే చేలో కలిపి వేసే పంటలు, విత్తనం పురుగు పట్టకుండా దాచే పద్ధతి, పిల్లల జబ్బులు, పండగ పాటలు అన్నీ ఆ టేపుల్లోకి ఎక్కాయి. రేడియో లేకుండానే రేడియో నడపడమంటే అదే. లైసెన్సు వచ్చాక ఏం వేద్దామని ఆలోచించుకోవలసిన పని వాళ్లకు లేకపోయింది.

2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. ఒక స్వచ్ఛంద సంస్థకు దక్కిన తొలి కమ్యూనిటీ రేడియో దేశంలో ఇదే. సంఘం మహిళలు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని భుజాన వేసుకున్నారు. ప్రసారం సాయంత్రం 7 నుంచి 9 వరకు, చేను పని ముగించుకుని ఆడవాళ్లు ఇంటికి చేరే వేళ. పట్నం ఎఫ్ఎంకు అత్యంత ఖరీదైన సమయం ఆఫీసులకు కార్లు బయలుదేరే పొద్దు. ప్రకటన కొనేవాడి గిరాకీ అక్కడుంటుంది మరి. సంఘం రేడియో తన సమయాన్ని వినేవాళ్ల పనిదినాన్ని బట్టి పెట్టుకుంది. యాజమాన్యం కార్యక్రమాలను మారుస్తుందా అని సంపాదకులు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన మొదటి గట్టి జవాబు ఈ రెండు గంటలే.

గాలి ఎవరిది?

సంఘం రేడియోను ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు రాసింది ఆయనే. ఆ కేసు క్రికెట్‌తో మొదలైంది. 1993 హీరో కప్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ సంస్థకు అమ్మితే దూరదర్శన్‌తో గొడవ వచ్చింది. ఈడెన్ గార్డెన్స్‌లో సచిన్ ఆఖరి ఓవర్ వేసిన సెమీఫైనల్ అందరికీ గుర్తుంది. దాని వెనక నడిచిన వ్యాజ్యం మన రేడియో చరిత్రను మలుపు తిప్పిందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి ఉన్నారు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. విడిగా తన తీర్పు రాశారు. ఆ రోజుల్లో అందరి కోపం ప్రభుత్వ గుత్తాధిపత్యం మీద. ఆయన దాన్ని తప్పుపడుతూనే ఇంకో అడుగు ముందుకు వేశారు. గుత్త ప్రభుత్వానిదైనా ప్రైవేటువాళ్లదైనా పౌరుడికి అన్ని రకాల అభిప్రాయాలు అందవన్నారు. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి, ప్రజలంటే ప్రభుత్వం కాదని విడమరిచి చెప్పారు. పౌరుల వాక్ స్వాతంత్ర్యానికి ప్రభుత్వ మాధ్యమం కంటే ప్రైవేటు స్టేషన్లే ఎక్కువ చేటు చేయవచ్చునని కూడా హెచ్చరించారు. ప్రైవేటు ఎఫ్ఎంకు లైసెన్సుల వేలం అప్పటికింకా మొదలే కాలేదు! 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం దీనికి చాలదు, పార్లమెంటు కొత్త చట్టం చేయాలన్నారు. తీర్పు అడిగిన స్వతంత్ర ప్రాధికార సంస్థ రాలేదు. ఫ్రీక్వెన్సీల వేలం మాత్రం వచ్చింది.

అంతకుముందు కథ క్లుప్తంగా: హైదరాబాద్‌లో రేడియో 1930ల్లో మహబూబ్ అలీ అనే వ్యక్తి సొంత ప్రయత్నంగా చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది, 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, ఉర్దూకే పెద్దపీట, 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించింది ఆ డెక్కన్ రేడియోలోనే, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఇటు మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చాయి. తీర్పు తర్వాత, ప్రైవేటు ఎఫ్ఎంకు 1999లో విధానం ఖరారైంది. ఏటా 15 శాతం పెరిగే లైసెన్సు రుసుము మోయలేక తొలి దశలో చాలామంది చేతులెత్తేశారు. 2005లో రెండో దశతో రాబడిలో 4 శాతం రుసుము పద్ధతి వచ్చాకే స్టేషన్లు నిలదొక్కుకున్నాయి.

ఆదిలాబాద్‌లో ఎవరు కూర్చుంటారు?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆదోని నుంచి విజయనగరం దాకా 22 పట్టణాలకు 68. తెలంగాణలో ఆదిలాబాద్ నుంచి సూర్యాపేట దాకా 10 పట్టణాలకు 31. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని ప్రభుత్వం చెప్పింది. పెరగాలని నేనూ కోరుకుంటున్నాను. నమ్మకం మాత్రం కుదరడం లేదు, ఎందుకంటే ప్రైవేటు ఎఫ్ఎం నిబంధనల్లో నెట్‌వర్కింగ్ అనే వెసులుబాటు ఉంది. ఒక సంస్థ తన స్టేషన్లన్నింటిలో ఒకే కార్యక్రమాన్ని వేసుకోవచ్చు. రెండో దశలో ఇది ఒక ప్రాంతంలోని చిన్న పట్టణాలకే పరిమితం. మూడో దశ విధానం దాన్ని దేశమంతటికీ తెరిచింది.

వ్యాపారి వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు లేదు. చిన్న పట్టణంలో ప్రకటనల రాబడి తక్కువ. స్టూడియో, ఆర్‌జే, ప్రొడ్యూసర్, ఇంజినీరు జీతాలు ఎక్కువ. హైదరాబాద్‌లో తయారైన కార్యక్రమాన్నే ఆదిలాబాద్‌లో వదిలితే ఖర్చు కలిసొస్తుంది. కానీ గోండి మాట్లాడే జిల్లాలో ఆ భాష వినపడదు. భీమవరం చేపల చెరువుల కబురు, ధర్మవరం మగ్గాల కబురు, నర్సరావుపేట మిర్చి ధర ఆ రేడియోకు తెలియవు.

ఇలాంటివి చెప్పడానికి ప్రైవేటు ఎఫ్ఎంకు అనుమతి లేదనుకుంటే పొరపాటు. సొంత వార్తలు చదవకూడదు నిజమే, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవాలి. కానీ వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, జాతరలు, కరెంటు నీళ్ల సరఫరా ప్రకటనలు, అధికారులిచ్చే విపత్తు హెచ్చరికలు వార్తల కిందికి రావు. చెప్పుకోవచ్చు. చెప్పడానికి ఆ ఊళ్లో మనిషి ఉండాలి, అంతే. మచిలీపట్నం, చీరాల, కాకినాడ, శ్రీకాకుళం ఈ 32లో ఉన్నాయి. తుపాను గాలి లేచిన రాత్రి అక్కడి స్టూడియోలో తలుపు తీసి మైకు ముందు కూర్చునే మనిషి ఉండాలని ఒప్పందంలోనే రాయించాలి. రోజుకు ఇన్ని గంటలు ఆ పట్టణంలోనే తయారై, అక్కడి నుంచే వెలువడాలన్న షరతు కావాలి. సంస్థ చేతులు మారినా ఆ షరతు కొత్త యజమానికి అంటుకునే రావాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు అడగవలసింది ఇదే.

బాక్స్ 1: మైనాట్ రాత్రి

అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక సంస్థ దేశం మొత్తంమీద ఇన్ని రేడియో స్టేషన్లకు మించి ఉంచుకోకూడదన్న హద్దును ఎత్తేసింది. అంతకుముందు ఆ హద్దు 40. కొన్నేళ్లలో క్లియర్ ఛానల్ 1,200కు పైగా స్టేషన్లు పోగేసింది. నార్త్ డకోటాలోని మైనాట్ పట్టణంలో ఆరు వాణిజ్య స్టేషన్లూ దానివే. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక ఊరి పక్కన గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా మేఘంలా కమ్మేసింది. ఒకరు మరణించారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. రేడియోలో హెచ్చరిక చెప్పించడానికి పోలీసులు ఫోన్ చేస్తే స్టేషన్‌లో ఎవరినీ అందుకోలేకపోయారు. అత్యవసర హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగా వాడలేదని సంస్థ వాదించింది. తప్పెవరిదన్న వాదం చాలాకాలం సాగింది. పేరు ఐహార్ట్ మీడియాగా మారిన ఆ సంస్థ 2018లో దాదాపు 2,000 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా రక్షణ కోరింది.

బాక్స్ 2: మీ ఊరికి కావాలంటే

కమ్యూనిటీ రేడియోకు వేలంపాట లేదు. మూడేళ్ల సేవా చరిత్ర ఉన్న రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అనుమతి పదేళ్లకు ఇస్తారు. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు వేసుకోవచ్చు, ఇంతకుముందు 7 నిమిషాలే. సొంత వార్తల మీద నిషేధం వీటికీ ఉంది. సంఘం రేడియో ప్రసారం దాదాపు 25 కిలోమీటర్ల దూరం వరకు వినిపిస్తుంది, ఒకటి రెండు మండలాలకు అది చాలు.