మంత్రం ఆపి చేప దవడ వెతకండి

పోయిన నెల క్లబ్బులో నా ఫాంటసీ కథ చదివాను. రాణిగారి జబ్బు తగ్గాలంటే ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని శాలువా కప్పాలి. హీరో మంచుకొండలు దాటి, మూడు నెలలు నడిచి దాన్ని తెస్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పొందూరు నుంచి వచ్చే మా క్లాస్‌మేట్ మాత్రం అడిగాడు: "ఆ శాలువా ఎవులు నేసారురా?"

"మ్యాజిక్‌తో వచ్చింది" అన్నాను.

"అలాగైతే రాణిగారి మంచం మీదకే రప్పించొచ్చు కదా! మూడు నెలలు నడక దేనికి?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నేను మంచు ఎప్పుడూ చూడలేదు. చదివిన ఇంగ్లీషు నవలల్లోంచి ఎత్తుకొచ్చిన కొండలవి.

ఆ ఆదివారం వాడు నన్ను పొందూరు తీసుకెళ్లాడు. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకున్న సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. చెత్త పోయి పోగులు తిన్నగా వస్తాయి. అందుకే వాళ్లు 100 కౌంటు నూలు కూడా చేత్తో వడకగలరు. కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఆ చేప మాత్రం గోదావరి వైపు నుంచి, రెండొందల కిలోమీటర్ల పైనుంచి రావాలి.

నాలాంటి సీఎస్‌ఈ వాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది డిపెండెన్సీ! 2016 మార్చిలో ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ తీసేస్తే, ఎక్కడెక్కడి ప్రాజెక్టులో బిల్డ్ అవ్వక ఆగిపోయాయి. చేప రాకపోతే బట్ట కూడా అంతే.

కథలో చిల్లు కనబడితే మంత్రంతో మూసెయ్యకుండా మూడు ప్రశ్నలు వేసుకోవాలని నాకు అక్కడే అర్థమైంది. ఈ పని ఎవరు చేస్తారు? సరుకు ఎక్కడినుంచి వస్తుంది? అది ఆగిపోతే ఎవరికి నష్టం? వీటికి జవాబులు రాస్తుంటే ఊళ్లు, దారులు, తగాదాలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

మరి మంత్రమే పెట్టకూడదా? పెట్టొచ్చు, కానీ దానికో రూలుండాలి. దీనికి మన రాజాంలో పుట్టిన పింగళి నాగేంద్రరావుగారు రాసిన 'మాయాబజార్' (1957) చూడండి. శశిరేఖ ఒకచోట, అభిమన్యుడు ఇంకోచోట. ఇద్దరినీ ఒకరికొకరిని చూపించాలి. దానికి ప్రియదర్శిని పెట్టె వచ్చింది. వీడియో కాల్‌లా ఎవరినైనా చూపించేస్తే అక్కడితో అయిపోయేది. కానీ తెరిచినవాళ్లకి ఏది ఇష్టమో అదే కనిపిస్తుందని రూలు పెట్టారు. దాంతో రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తారు. ప్రేమికుల కోసం వచ్చిన పెట్టె ఇంట్లో ఎవరి మనసు ఎటుందో బయటపెట్టేస్తుంది. పెళ్లి గొడవ ఎందుకొస్తుందో మనకు ముందే తెలిసిపోతుంది.

ఇంటికొచ్చి కథ మళ్లీ రాశాను. మంచుకొండలు తీసేశాను. ఇప్పుడు శాలువా రాణిగారి ఊళ్లోనే నేస్తారు. చేప మాత్రం పక్క రాజ్యం ఏట్లో దొరుకుతుంది. ఆ రాజు కత్తి దూయలేదు, చేప దవడల బండ్లు ఆపేశాడంతే. ఊళ్లో మిగిలింది ఒకే ఒక్క దవడ, అదీ ఒక ముసలమ్మ దగ్గర, సగం పళ్లు అరిగిపోయి. హీరో మూడు నెలలు నడిచేది చేప కోసం. తెచ్చాక కూడా ముసలమ్మ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది, ఎందుకంటే దువ్వడం తెలిసింది ఆమెకొక్కర్తికే.

రాణిగారి ప్రాణం ఇప్పుడు ఒక ముసలమ్మ చేతుల్లో ఉంది. మొదటి కథలో ఆ ముసలమ్మ అసలు లేనే లేదు.

కొత్త కథ మావాడికి పంపాను. రాత్రి పదకొండింటికి రిప్లై వచ్చింది: "బాగుందిరా. మరి ఆ ముసలమ్మకి కూలి ఎంతిస్తారు?"

ఇంకా ఆలోచిస్తున్నాను. రెండో భాగం దాని మీదే.