ధరణి నుంచి భూ భారతి దాకా: డేటాబేస్ మారితే మీ గుంటలు సేఫేనా? టూల్స్ ఎలా పనిచేస్తాయంటే..

పెద్దవూరలో ఓ రైతు పాస్‌బుక్‌లో భూమి విస్తీర్ణం 2.20 అని ఉందనుకుందాం. ఊళ్లో ఎవరిని అడిగినా రెండెకరాల ఇరవై గుంటలు అంటారు. 40 గుంటలకు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. కానీ ఈ సంగతి చెప్పకుండా అదే అంకెను కంప్యూటర్‌కు ఇస్తే 2.2 ఎకరాలు అనుకుంటుంది.

ఇప్పుడు సీజన్‌కు ఎకరాకు రూ.6,000 చొప్పున రైతు భరోసా లెక్కేయండి. రావాల్సింది రూ.15,000. కంప్యూటర్ లెక్కలో వచ్చేది రూ.13,200. చుక్కను తప్పుగా చదివినందుకు రూ.1,800 తేడా! ఇది ఉదాహరణ మాత్రమే. కానీ లక్షల రికార్డులు ఒక సిస్టమ్ నుంచి మరోదానికి మారేటప్పుడు ఇంజినీర్లు భయపడేది సరిగ్గా ఇలాంటి తప్పులకే.

ఇప్పుడీ విషయం ఎందుకు?

తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. దాని నిర్వహణ 2024 డిసెంబర్ 1 నుంచి ప్రైవేటు ఏజెన్సీ చేతి నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) చేతికి వచ్చింది. అదే నెలలో డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం పోర్టల్ సేవలు కొన్ని రోజులు ఆపారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది.

పెద్దవూర నుంచి మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట దాకా ఏ రైతుకైనా రిజిస్ట్రేషన్, బ్యాంకు లోను, రైతు భరోసా.. అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్న ఆ ఒక్క వరుస మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రెండూ సొంత సర్వర్లు వదిలి క్లౌడ్‌కు మారుతున్నాయి. ప్రభుత్వ విభాగాల కోసం ఎన్‌ఐసీ 2014లోనే మేఘరాజ్ కార్యక్రమం కింద నేషనల్ క్లౌడ్ ప్రారంభించింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌ను తెరిచింది.

ఇంతకీ టూల్ ఏం చేస్తుంది?

వందల పట్టికలు, లక్షల వరుసలు చేత్తో మార్చడం అయ్యే పని కాదు. ఒకచోట చేసిన పొరపాటు ఇంకోచోట గుర్తుండదు. అందుకే పనిని ఆటోమేట్ చేసే టూల్స్ తయారుచేస్తారు. మామూలుగా ఐదు దశలుంటాయి.

1. పాత డేటాబేస్ నమూనాను కొత్తదానికి తగ్గట్టు మార్చడం. ఏది అంకె, ఏది అక్షరం, ఏది తేదీ అన్నది ఇక్కడే తేలుతుంది.

2. ఉన్న డేటా మొత్తాన్ని కాపీ చేయడం.

3. కాపీ నడుస్తుండగా పాతదాంట్లో జరిగే మార్పులను పట్టుకుని కొత్తదాంట్లోనూ చేర్చడం. ఈ దశ ఉంటే సేవలను రోజుల తరబడి ఆపాల్సిన పనిలేదు.

4. రెండింటినీ పోల్చి చూడటం.

5. అంతా సరిపోయాక కొత్తదానికి మారడం. తేడా కొడితే వెనక్కి వెళ్లే దారి ముందే సిద్ధంగా ఉంచుకోవడం.

టూల్ వల్ల అసలు లాభం ఏంటంటే, ఇదంతా ముందే రిహార్సల్ చేయొచ్చు. తప్పు దొరికితే సరిచేసి మళ్లీ మొదటి నుంచి నడపొచ్చు. అసలు రోజు వచ్చేసరికి కొత్తగా పుట్టే తప్పులు తగ్గుతాయి.

బస్తాలు లెక్కపెడితే సరిపోదు

మిర్యాలగూడ రైస్ మిల్లుకు లారీలో 300 బస్తాలు వెళ్లాయి, 300 దిగాయి. అంతటితో లెక్క సరిపోయినట్టా? కాటా కూడా వేయాలి కదా. డేటా కూడా అంతే. వరుసల సంఖ్య కలిస్తే చాలదు. ప్రతి వరుసలోని సమాచారం నుంచి టూల్ ఒక గుర్తు సంఖ్య తయారుచేస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. రెండువైపులా అది కలవాలి.

అయినా ఒక మెలిక ఉంది. 2.20, 1.30 అనే రెండు విస్తీర్ణాలను కూడితే కంప్యూటర్‌కు 3.50 వస్తుంది. పాత సిస్టమ్‌లోనూ అంతే, కొత్తదాంట్లోనూ అంతే. టూల్ 'ఓకే' అంటుంది. కానీ అసలు లెక్క వేరు. 100 గుంటలు, 70 గుంటలు కలిపితే 170 గుంటలు. అంటే 4 ఎకరాల 10 గుంటలు. పైగా చివరి సున్నా ఎగిరిపోయి 2.2గా మిగిలితే, అది ఇరవై గుంటలో రెండు గుంటలో కూడా తెలీదు.

సర్వే నంబర్లదీ ఇదే గొడవ. 12/3 అని రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తేదీగా మార్చేస్తాయి. పాత తెలుగు ఫాంట్లలో ఎక్కించిన పేర్లను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు, దీర్ఘాలు చెదిరిపోవచ్చు. అందుకే ఎకరాలు, గుంటలు వేర్వేరు గడుల్లో పెట్టాలని, సర్వే నంబర్‌ను అక్షరాలుగానే ఉంచాలని టూల్‌కు ముందే నియమం రాయాలి. ఆ నియమం రాసే ఇంజినీర్‌కు గుంట అంటే ఏంటో తెలిసుండాలి. లేదంటే తెలిసిన రెవెన్యూ ఉద్యోగి పక్కన ఉండాలి.

టూల్ చేయలేని పని

పాత రికార్డులో తండ్రి పేరు తప్పు పడి ఉంటే? టూల్ ఆ తప్పును అక్షరం పొల్లుపోకుండా కొత్తదాంట్లో పెడుతుంది. దాని లెక్కలో అది విజయమే! డేటా మార్చడం వేరు, డేటా సరిచేయడం వేరు. రెండో పనికి దరఖాస్తు, విచారణ, అధికారి సంతకం కావాలి. భూ భారతి చట్టంలో తప్పుల సవరణకు, అప్పీలుకు అవకాశం ఉంది.

మీరు చూసుకోవాల్సింది

భూ భారతి పోర్టల్‌లో మీ భూమి వివరాలు తెరిచి పాస్‌బుక్ పక్కన పెట్టుకోండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నంబర్, సర్వే నంబర్ బై నంబర్‌తో సహా చూడండి. విస్తీర్ణంలో చుక్క తర్వాత ఉన్నవి గుంటలని గుర్తుపెట్టుకుని సరిచూసుకోండి. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, పాస్‌బుక్ కాపీతో తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి. లక్షల వరుసలను టూల్ పోల్చి చూడగలదు. కానీ ఆ వరుసలో ఉన్నది నిజంగా మీ పొలమేనా అన్నది మీరే చెప్పాలి.