బ్రేక్ లైట్ వెలగట్లేదా? ఎన్ని పోయాయో లెక్క పెట్టండి.. లోపం ఎక్కడుందో అదే చెప్తుంది!

సిద్దిపేట జిల్లా మీదుగా రాజీవ్ రహదారి వెళ్తుంది. హైదరాబాద్ నుంచి కరీంనగర్, రామగుండం వైపు పోయే లారీలు, బస్సులు రాత్రీ పగలూ ఈ దారిలోనే. లోపలి ఊళ్ల నుంచి సిద్దిపేటకు పోయే పాత ఆల్టోలు, వ్యాగన్ఆర్‌లు, శాంత్రోలూ చివరికి ఎక్కేది ఇదే రోడ్డు. వరి కోతలప్పుడైతే వడ్ల ట్రాక్టర్లు కూడా తోడవుతాయి. ఎక్కడో ఒకచోట సడన్‌గా బ్రేక్ తొక్కక తప్పదు. అప్పుడు వెనకొచ్చే లారీ డ్రైవర్‌కు ఆ సంగతి చెప్పేది ఒక్క ఎర్ర లైటే.

అది వెలగకపోతే? గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్‌లో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే ఆరు ఆల్టోలను వరసగా నిలబెట్టినంత దూరం. వెనక డ్రైవర్ ఒక్క సెకను ఆలస్యంగా గమనించినా అంత దూరం ముందుకొచ్చేస్తాడు.

చిక్కేంటంటే, బండి నడిపేవాళ్లకు తమ బ్రేక్ లైట్ ఎప్పుడూ కనపడదు. చిన్న కార్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక గుర్తు కూడా రాదు. "రాత్రి వెనక ఎర్ర లైట్ వెలుగుతోంది కదా" అని ధీమాగా ఉంటారు చాలామంది. అది పార్కింగ్ లైట్. పాత చిన్న కార్లలో ఎక్కువగా ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది పార్కింగ్‌కు, 21 వాట్లది బ్రేక్‌కు. ఒకటి తెగిపోయినా రెండోది వెలుగుతూనే ఉంటుంది.

ఒక్కరే ఉంటే ఇలా చూడండి

చీకటి పడ్డాక కారు వెనక భాగాన్ని గోడ వైపు పెట్టి బ్రేక్ తొక్కండి. గోడ మీద ఎరుపు రెండు వైపులా సమానంగా పెరగాలి. పగలైతే ఫోన్‌ను వెనకాల ఎక్కడైనా నిలబెట్టి వీడియో ఆన్ చేసి, బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కి వచ్చి చూసుకోండి. అంతే. ఇప్పుడు లెక్క పెట్టండి.

ఒక్క పక్కదే వెలగకపోతే దాదాపుగా ఆ పక్క బల్బు, లేదా దాని హోల్డర్. డిక్కీ తెరిస్తే కొన్ని మోడళ్లలో లోపలి నుంచే హోల్డర్ తిప్పి తీయొచ్చు. కొన్నింట్లో లైట్ డబ్బా స్క్రూలు విప్పాలి. బల్బు గాజు లోపల నల్లబడినా, ఫిలమెంట్ తెగి ఊగుతున్నా మార్చేయాలి. కొత్తది వంద రూపాయల లోపే దొరుకుతుంది. పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త: రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కన ఉండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు. అరిగిన హోల్డర్‌లో తిరగేసి బలవంతంగా నొక్కితే కూర్చుంటుంది కానీ పని తారుమారవుతుంది. పార్కింగ్ వేస్తే కళ్లు చెదిరేలా, బ్రేక్ తొక్కితే మినుకు మినుకుమంటూ వెలుగుతుంది.

కొత్త బల్బు పెట్టినా వెలగకపోతే హోల్డర్ లోపల చూడండి. వాన నీళ్లు దిగి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. సన్న ఎమెరీ పేపర్‌తో రుద్దితే చాలాసార్లు సరిపోతుంది.

ఎర్త్ పోయిందంటే ఆటలే వేరు. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైట్ కొట్టుకుంటుంది. కరెంటు వెనక్కి పోవడానికి బాడీకి బిగించిన బోల్టు దారి. అక్కడ తుప్పు పడితే అది పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. ఇలాంటి బండికి ఎన్ని బల్బులు మార్చినా డబ్బులు దండగ. ఆ బోల్టు విప్పి, గీకి, గట్టిగా బిగించాలి.

వెనక అద్దం దగ్గరుండే మూడో లైట్ మాత్రమే పోతే డిక్కీ డోరు కీలు దగ్గరున్న రబ్బరు గొట్టాన్ని అనుమానించాలి. డోరు తెరిచి మూసిన ప్రతిసారీ లోపల వైర్లు వంగుతాయి. ఏళ్లు గడిచాక పై తొడుగు బాగానే ఉండి లోపలి రాగి తీగ తెగిపోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు.

మూడూ ఒకేసారి పోతే..

మూడు బల్బులు ఒకే రోజు పోవడం అరుదు. ముందు ఫ్యూజ్ చూడాలి, తర్వాత పెడల్ పైనున్న స్విచ్. ఏ ఫ్యూజ్ బ్రేక్ లైట్‌దో ఫ్యూజ్ బాక్స్ మూత మీదే ఉంటుంది. కాలిపోతే అదే నంబరుది వేయాలి. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టి నడిపించేవాళ్లున్నారు. ఇది మాత్రం అస్సలు వద్దు. షార్ట్ అయితే ఫ్యూజ్ కాలాల్సింది పోయి వైరింగ్ కాలుతుంది. కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతోందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. అప్పుడు వైరింగ్ మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

ఫ్యూజ్ బాగుంటే స్విచ్. పాత బండ్లలో దానికి రెండే వైర్లు. కప్లర్ పీకి, ఆ రెండు పాయింట్లను చిన్న వైరు ముక్కతో కలిపితే లైట్లు వెలిగాయా.. స్విచ్ పోయినట్టే. నాలుగు వైర్లు ఉన్న కొత్త మోడళ్లలో ఈ పని చేయొద్దు. ఆ స్విచ్ ఇంజిన్ కంప్యూటర్‌కు కూడా సిగ్నల్ ఇస్తుంది.

ఇంత చిన్న స్విచ్ పెద్ద కంపెనీలనూ ఇబ్బంది పెట్టింది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో హ్యుందాయ్, కియా కలిపి 16 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిపించి బ్రేక్ లైట్ స్విచ్ మార్చాల్సి వచ్చింది.  స్విచ్ పనిచేయకపోతే లైట్లు వెలగకపోవడమే కాదు, బ్రేక్ తొక్కినా క్రూయిజ్ కంట్రోల్ ఆగకపోయే ప్రమాదం కూడా ఉండేది.

ఆరకుండా వెలుగుతూనే ఉంటే

ఇది ఇంకో రకం ఇబ్బంది. కాలు తీసినా లైట్ ఆరదు. చాలాసార్లు కారణం చూస్తే నవ్వొస్తుంది. స్విచ్ పిన్ను ఆనుకునే చోట పెడల్‌కు ఒక చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ల ఉంటుంది. ఎండకు, వయసుకు పెళుసుబారి విరిగిపోతుంది. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ మీద చిన్న చిన్న ముక్కలు కనపడితే అదే. పిన్ను ఖాళీ రంధ్రంలోకి దూరిపోయి, బ్రేక్ తొక్కే ఉన్నారని స్విచ్ అనుకుంటుంది.

రెండు బల్బులు కలిపి 42 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు. చాలా చిన్న కార్లకుండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ పది గంటల్లో ఖాళీ. బ్రేక్ లైట్‌కు తాళంతో పనిలేని బండ్లలో, రాత్రి పార్క్ చేస్తే పొద్దున స్టార్ట్ కాదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లు ముందు వెనక్కెళ్లి ఒకసారి లైట్లు చూడటం మంచిది. అంతకన్నా పెద్ద సమస్య రోడ్డు మీద. ఎప్పుడూ వెలిగే లైట్‌ను చూసి వెనక డ్రైవర్ పట్టించుకోవడం మానేస్తాడు. నిజంగా బ్రేక్ వేసినప్పుడు కొత్తగా వెలిగేదేమీ ఉండదు.

స్టాప్ లైట్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ప్రకారం తప్పనిసరి. పగిలిన ఎర్ర అద్దం లోంచి తెల్ల వెలుగు వస్తున్నా కుదరదు, వెనక కనపడాల్సింది ఎరుపే.

ఎల్ఈడీ వేస్తే లాభమేనా? ఫిలమెంట్ బల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. 80 స్పీడ్‌లో అది నాలుగు మీటర్ల పైనే. కాకపోతే మార్కెట్లో చవకగా దొరికే కొన్నింట్లో పార్కింగ్ వెలుగుకు, బ్రేక్ వెలుగుకు తేడానే కనపడదు. కొనేముందు షాపులోనే రెండూ వెలిగించి చూపించమనండి.

రిపేర్ అయ్యాక బ్రేక్ ఒక్కటే తొక్కి చూసి వచ్చేయొద్దు. పార్కింగ్ లైట్ వేసి, ఇండికేటర్ వేసి, అప్పుడు బ్రేక్ తొక్కి ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. ఎర్త్ లోపం మిగిలి ఉంటే మూడూ కలిసి వెలిగినప్పుడే బయటపడుతుంది.