కేదారము వెనుక గోడ

ఈపురుపాలెములో నిలిచి చూచువారికి చదును నేలయు, ఇసుకయు, దాని కావల సముద్రమును తప్ప వేరొండు కానరాదు. ఇట్టి సీమనుండి కేదారనాథ యాత్రకు వెళ్ళినవారు ఆలయము వెనుక లేచిన కొండగోడను మరువజాలరు. ఆలయము 3,583 మీటర్ల ఎత్తున నున్నది. వెనుకనున్న కేదారనాథ శిఖరము 6,940 మీటర్లు. లోయకు తలదిక్కున కొండ ఇంత నిటారుగా నిలుచుటకు కారణమేమి?

మన ఇసుక నేలలలోని దొరువును తలచుకొందము. అడుగున త్రవ్విన కొలది ఒడ్డు విరిగి పడును. పడిన ఇసుకను ఎప్పటికప్పుడు తీసివేయనిచో గుంత పూడిపోయి ఒడ్డు వాలుగా మారును. హిమాలయములలో ఆ త్రవ్వునదియు, తీసివేయునదియు మంచే.

కొండ ప్రక్కనున్న చిన్న పల్లములో ఏటేట కురిసిన మంచు కరగక పేరుకొని, గట్టిపడి, తన బరువుచేతనే క్రిందికి జరుగసాగును. ఇదియే హిమానీనదము. పగటివేళ కరగిన నీరు వెనుకనున్న రాతి పగుళ్ళలోనికి దిగి రాత్రి గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు సుమారు నూటికి 9 వంతులు ఉబ్బును. నిండు సీసాను మంచుపెట్టెలో మరచిన ఇల్లాలికి ఈ సంగతి తెలిసినదే! ఇట్లు ఊడిన రాళ్ళను హిమానీనదము మోసికొనిపోవును. వానితోనే అడుగును అరగదీయును. పాదము తరుగుచుండ గోడ వెనుకకు జరుగును గాని వాలిపోదు. నలుప్రక్కల ఇట్టి గోడలు ఏర్పడినచో నడుమ మిగులునది కొమ్మువంటి శిఖరము.

మోసికొనిపోయిన రాళ్ళు ఏమగును? మంచు కరగినచోట కట్టలుగా పడియుండును. కేదారమునకు ఎగువనున్న చోరాబారి సరస్సును నిలిపినది అట్టి వదులు కట్టయే. 2013 జూన్‌లో కుండపోత వానలకు, కరగు మంచునకు నీరు పెరిగి, 17వ తేదీ ఉదయము ఆ కట్ట తెగినది. ఆ వరదలలో వేలమంది మరణించిరి. మన తెలుగు యాత్రికులును అనేకులు చిక్కుకొనిరి. వెనుక ఆగిన పెద్ద బండ ప్రవాహమును చీల్చి ఆలయమును కాచినదని చెప్పుదురు.

కావున ఆ గోడకు మ్రొక్కునప్పుడు, మన కాలిక్రింది నేలయు దాని ముక్కలతో ఏర్పడినదేనని గుర్తింపవలెను. వానకాలమున ఏటి ఒడ్డున బస చేయకుండుటయే యాత్రికులకు శ్రేయస్కరము.