గాలి లెక్క కుదిరితేనే.. ట్రాక్‌పై పట్టు
వెళ్లేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడూ సరిచూడాల్సిందే

తిరుపతి: ఇందులో పోటీ ఉండదు, బహుమతీ ఉండదు. సొంత కారును రేసు ట్రాక్‌పైకి తీసుకెళ్లి, నిర్వాహకుల పర్యవేక్షణలో వేగంగా నడిపి చూడటమే ‘ట్రాక్ డే’. తమిళనాడులోని శ్రీపెరంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తిరుపతి, చిత్తూరు, నెల్లూరు జిల్లాల వారికి అందుబాటు దూరంలో ఉంది. ఇలాంటి చోటికి బయలుదేరే ముందు హెల్మెట్, బ్రేకులు సరిచూసుకునేవారు సైతం టైర్లలోని గాలిని తేలిగ్గా తీసుకోవడం కద్దు. ఒక్కో టైరు నేలను తాకేది దాదాపు అరచేయంత మేరే. ఆ కాస్త రబ్బరు పట్టు నిలవాలంటే గాలి పీడనం సక్రమంగా ఉండాలి.

32 కాస్తా 40 అవుతుంది!
కారు డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టికలో కంపెనీ సూచించిన పీడనం ఉంటుంది. అది టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. ట్రాక్‌పై మలుపు మలుపుకూ టైరు నలిగి, రాపిడికి గురై వేడెక్కుతుంది. లోపలి గాలీ వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది, చోటు లేక పీడనం పెరుగుతుంది. ఉదాహరణకు 30 డిగ్రీల వద్ద 32 పీఎస్‌ఐ నింపిన టైరులోని గాలి 80 డిగ్రీలకు చేరితే గేజిలో దాదాపు 40 చూపుతుంది. అంటే ప్రతి 10 డిగ్రీలకు సుమారు 1.5 పీఎస్‌ఐ చొప్పున పెరుగుతుందన్నమాట. పీడనం మితిమీరితే టైరు నడుమ భాగం ఉబ్బి, అంచులు నేలకు సరిగా ఆనవు. పట్టు సడలి కారు జారుతుంది.

అలాగని ముందే గాలి బాగా తగ్గించేయడం ఇంకా ప్రమాదకరం. మలుపుల్లో టైరు పక్కకు ఒరిగి, పక్కగోడ అతిగా వంగుతుంది. ఆ వంపుల వల్లే లోలోపల వేడి పుట్టి టైరు పొరలు దెబ్బతింటాయి.

కొలిచేది ఎప్పుడు?
కొత్తగా వెళ్లేవారు కంపెనీ సూచించిన పీడనంతోనే మొదలుపెట్టడం మేలు. నాలుగైదు ల్యాపులు తిరిగి, పిట్‌లోకి రాగానే ఆలస్యం చేయక నాలుగు టైర్లనూ కొలవాలి. కాసేపు ఆగితే టైరు చల్లబడి లెక్క తప్పుతుంది. టైరు తయారీదారు సూచించిన ‘వేడి పీడనం’ కంటే ఎక్కువ ఉంటే ఆ మేరకు గాలి తీయాలి. ప్రతిసారీ ఒకే గేజిని వాడి, అంకెలను పుస్తకంలో రాసుకుంటే మరుసటిసారికి పనికొస్తాయి.

నాలుగింటిలో ఒకే అంకె రాకపోవచ్చు. సవ్య దిశలో తిరిగే ట్రాక్‌పై కుడి మలుపులు ఎక్కువ కాబట్టి భారం ఎడమ టైర్లపై పడి అవి ఎక్కువగా వేడెక్కుతాయి. ముందు చక్రాలకు ఇంజిన్ శక్తి అందే కార్లలో ముందు టైర్లదీ అదే పరిస్థితి. వాన కురిస్తే ట్రాక్ తడిసి టైరు అంతగా వేడెక్కదు. అలాంటప్పుడు ఎండ రోజున మాదిరిగా ముందే గాలి తగ్గించకూడదు.

సుద్దముక్కతో పరీక్ష
టైరు అంచు నుంచి పక్కగోడ మీదకు సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి కారు నడిపితే, గీత ఎంతవరకు చెరిగిందో చూసి టైరు ఎంత ఒరుగుతోందో తెలుసుకోవచ్చు. పక్కగోడ మీద కూడా చెరిగితే గాలి తక్కువైనట్లు, అంచు దాకా చెరగకపోతే ఎక్కువైనట్లు భావించాలి. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉంటే టైరు నడుమ, రెండు అంచుల్లో చూడాలి. నడుమ ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువని, రెండంచులూ వేడిగా ఉంటే తక్కువని అర్థం.

నైట్రోజన్ నింపితే పీడనం పెరగదన్నది అపోహే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అదీ వేడికి వ్యాకోచిస్తుంది. తేమ లేని వాయువు కావడంతో పెరుగుదల కొంత నిలకడగా ఉంటుందంతే.

ఛాంపియన్‌కూ తప్పలేదు
వేడి, చల్లన తేడా ఎంత కీలకమో 2015 ఇటలీ గ్రాండ్ ప్రీ చాటింది. మోంజాలో విజేతగా నిలిచిన లూయిస్ హామిల్టన్ కారు టైరులో పీడనం కనీస పరిమితి కంటే 0.3 పీఎస్‌ఐ తక్కువగా తేలడంతో విచారణ జరిగింది. టైర్లు బిగించినప్పుడు పీడనం సరిగానే ఉందని, కొలిచే సమయానికి వెచ్చబరిచే దుప్పట్ల కరెంటు తీసివేయడంతో అవి చల్లబడ్డాయని తేల్చి, ఫలితాన్ని మార్చలేదు.

అసలు ముప్పు ఇంటిదారిలో..
పిట్‌లో వేడి మీద 40 నుంచి 36కు తగ్గించిన టైరు, చల్లబడి 30 డిగ్రీలకు చేరాక సుమారు 29 మాత్రమే చూపుతుంది. కంపెనీ చెప్పిన 32 కంటే ఇది 3 తక్కువ. అదే గాలితో మిత్రులను, సామాన్లను ఎక్కించుకుని రహదారిపై గంటల తరబడి వేగంగా ప్రయాణిస్తే టైరు మరింత నలిగి వేడెక్కుతుంది. పొరలు విడిపోయి పగిలే ముప్పు పెరుగుతుంది. ట్రాక్‌పై పక్కన ఖాళీ స్థలం, అంబులెన్సు ఉంటాయి. రహదారిపై ఎదురుగా ఉండేవి లారీలు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు.

అందుచేత చివరి ల్యాపు ముగిశాక టైర్లు పూర్తిగా చల్లబడే వరకు ఆగాలి. కోతలు, ఉబ్బులు ఉన్నాయేమో చూడాలి. సామాన్ల బరువుకు తగినట్లు పట్టికలోని అంకె వరకు గాలి నింపాకే ఇంటిదారి పట్టాలి.