అద్దములో దీపము, నడిసముద్రమున విమానము

విమానవాహక నౌకను గూర్చి ప్రసంగించినపుడెల్లను విద్యార్థులడుగునది, అంత కురుచ స్థలమునుండి విమానము ఎట్లు లేచునని. ఎట్లు దిగునని అడుగువారు అరుదు. కష్టమంతయు దిగుటయందే యున్నది. 1911 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవున యూజీన్ ఈలీ, ఇసుక సంచులు కట్టిన త్రాళ్ళను తన విమానపు కొక్కెములకు తగిలించుకొని పెన్సిల్వేనియా నౌకపై నిలిచినది మొదలు, త్రాటిని కొక్కెముతో పట్టుటయే మూలోపాయము.

ప్రొపెల్లర్ విమానముల కాలమున, డెక్కుపై పలకలు చేతబట్టి నిలిచిన అధికారి సంజ్ఞ చేయగనే పైలట్ ఇంజను తగ్గించి వ్రాలెడివాడు. జెట్ ఇంజనో, ఒకమారు మందగించినచో వెంటనే పుంజుకొనజాలదు; కావున శక్తి తగ్గింపకయే దిగవలెను, త్రాడు తప్పెనా, ఎదుట నిలిపిన విమానములమీద పడవలెను. దిగుబాటను కొన్ని డిగ్రీలు ఐమూలగా త్రిప్పిన చాలునని 1951లో బ్రిటిష్ నౌకాదళపు డెన్నిస్ కాంబెల్ సూచించెను. త్రాడు తప్పినవాడు సముద్రముపైకి సాగి, చుట్టివచ్చి మరల యత్నించును. 1952లో ట్రయంఫ్ నౌకపై తొలి పరీక్షకు డెక్కుమీద రంగుగీతలే చాలినవి!

నాకు మరింత ప్రియమైనది, దిగు పైలట్‌కు దారి చూపుటకై నికొలస్ గుడ్‌హార్ట్ కల్పించిన అద్దము. ఆయన పౌడరుపెట్టె అద్దముపై లిప్‌స్టిక్‌తో అడ్డగీత గీసి, ఆ లిప్‌స్టిక్‌నే దానియెదుట బల్లపై నిలిపి, దాని కొన ప్రతిబింబము గీతను విడువకుండ చూచుకొనుచు నడిచి రమ్మనగా, వచ్చినవారి గడ్డము తిన్నగా బల్లకు తగిలినదట. చదువరులును చేసి చూడవచ్చును. ప్రతిబింబము అద్దమునకు వెనుక లోతున నుండును, గీత అద్దముపైననే యుండును. కనుక కన్ను పైకి జరిగినచో ప్రతిబింబము గీతకు పైగాను, క్రిందికి జరిగినచో దిగువగాను తోచును. రెండును కలిసి కనబడు దారి ఒక్కటియే. గీతకు బదులు అద్దమునకు ఇరుప్రక్కల పచ్చదీపముల వరుసలు, లిప్‌స్టిక్‌కు బదులు ప్రకాశవంతమైన దీపము నుంచి, నౌక ఊగినను దారి చెదరకుండ అద్దమును గైరోస్కోపుతో స్థిరపరచిరి. మనుష్యుని సంజ్ఞకై వేచియుండు క్షణములు పైలట్‌కు కలిసివచ్చెను.

తరువాత అద్దము స్థానమున కటకములు వచ్చినవి, సూత్రము మారలేదు. 1961లో భారత నౌకాదళమున చేరిన మన తొలి విక్రాంత్‌కు ఐమూల డెక్కును, ఆవిరితో విమానమును ముందుకు విసరు యంత్రమును గూడ అమర్చబడియుండెను. 1971 డిసెంబరులో చిట్టగాంగ్, కాక్స్‌బజారులపై దాడిచేసిన సీహాక్ విమానములు బంగాళాఖాతమున మరల వ్రాలినది ఆ డెక్కుపైననే.