గీతలు గీయు లెక్కలయంత్రము

లెక్కను రేఖగా గీసి చూపు క్యాలిక్యులేటరును కేసియోవారు 1985లో వెలువరించిరి. చేయవలసిన పనులను వరుసగా వ్రాసి దానిలో దాచవచ్చును. ఆ వరుసయే ప్రోగ్రాము. ఆ యంత్రమున 422 మెట్లకు మాత్రమే చోటుండెను.

విజయనగరమున చదువుకొను దినములలో మేము అట్టి యంత్రమును ఎరవు తెచ్చి, వడ్డీలెక్కకు ప్రోగ్రాము వ్రాసితిమి. అసలు 10,000 రూపాయలు, వడ్డీ రెండు రూపాయలు, గడువు ఒక యేడు. యంత్రము 200 అని చూపెను. మా మామ్మగారు నవ్వి, "నూటికి రెండు రూపాయలంటే నెలకు తల్లీ! ఏడాదికి 2,400 కావాలి" అనిరి. వారు ఏ బడిలోను చదివినవారు కారు. మేము చెప్పనిది యంత్రమున కెట్లు తెలియును?

నెలల లెక్కను చేర్చి రేఖ గీయించితిమి. 50వ నెలలో వడ్డీ అసలుతో సమమగుట కంటికి కనబడెను. అప్పుపత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ప్రతి యిల్లాలును చూడదగిన గీత యది.

నేడు ఈ పని చేతిఫోనులోనే సాధ్యము. మీ కుమార్తె దీనికై కూర్చున్నచో ఆటయని కసరకుడు. ఇంటిలెక్క నొకదాని నిచ్చి, వచ్చిన జవాబును మీరు సరిచూడుడు.